విదేశీయులపై కుర్రకారు ఆకతాయి చేష్టలు, అమర్యాద: విశాఖ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు ఎవరివి?

విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, గాజువాక, మధురవాడ, ఏ వైపు వెళ్ళినా కొడుకో కూతురో అల్లుడో విదేశంలో ఉన్న ఇళ్ళు కనబడతాయి. అక్కడి నుంచి వచ్చే ఫోన్లలో చదువు, ఉద్యోగం, ఇంటి అద్దె సంగతులన్నీ అయ్యాక తటపటాయిస్తూ బయటపెట్టే విషయం ఒకటి ఉంటుంది: 14, 15 ఏళ్ళ కుర్రవాళ్ళు వీధిలో వెంటపడి వెక్కిరించారని, బస్సులో మీదికి ఏదో విసిరారని, రాత్రి తలుపు బాది పారిపోయారని. ఇక్కడున్న ప్రశ్నలు ఆ పిల్లలవి, వారి తల్లిదండ్రులవి. విశాఖకు వచ్చిన విదేశీయుల పట్ల మన కుర్రవాళ్ళ ప్రవర్తన గురించిన ప్రశ్నలు చివర్లో ఉన్నాయి. వాటికి జవాబు చెప్పకుండా ఇతర దేశాల పిల్లల గురించి మాట్లాడే అర్హత మనకు ఉండదని నా గట్టి నమ్మకం.

ఆటపట్టించడానికీ అవమానించడానికీ తేడా ఎలా తెలుస్తుంది?

చేసినవాడి వయసును బట్టి కాకుండా చేసిన పనిని బట్టి చూడాలి. ఆ దారిన ఎవరు వచ్చినా అదే పని చేసేవారా, లేక ఒంటి రంగునో, బొట్టునో, తలపాగానో, మాట్లాడే యాసనో చూసి మిమ్మల్ని ఎంచుకున్నారా అన్నది మొదట గమనించాలి. వద్దని చెప్పిన తర్వాత ఆపారా, ఇంకా రెచ్చిపోయారా అన్నది ఆ తర్వాత. ఒంటి మీద చెయ్యి పడినా, వస్తువు విసిరినా, దారికి అడ్డం నిలబడినా, సంచీ గానీ ఫోన్ గానీ లాక్కున్నా, అది ఇక అల్లరి కాదు. నవ్వుతూ తోసినా తోసినట్టే. మన పిల్లల్లో చాలామంది ఈ చివరి రకాన్ని కూడా "ఏదో పిల్ల చేష్ట" అని తమకు తామే సర్దిచెప్పుకుంటున్నారు, అసలు ప్రమాదం ఆ సర్దుబాటులోనే ఉంది.

మాటల విషయంలో దేశాన్ని బట్టి చట్టం మారుతుంది. జర్మనీలో ఒక మనిషిని దూషించి అవమానించడం శిక్షాస్మృతి 185వ సెక్షన్ కింద నేరం. అమెరికాలో బెదిరింపు లేని వట్టి దూషణను చాలావరకు వాక్స్వాతంత్ర్యం కాపాడుతుంది. ఇంగ్లండ్‌లో జాతి ద్వేషం తోడైన దాడికీ వేధింపుకూ 1998 నాటి చట్టం ఎక్కువ శిక్ష పెట్టింది. ఐర్లండ్‌లో ద్వేష నేరాల చట్టం 2024 డిసెంబర్ 31 నుంచి అమలులో ఉంది.

వాళ్ళు మనవాళ్ళనే ఎందుకు ఎంచుకుంటారు? అదంతా జాతి ద్వేషమేనా?

కొన్నిసార్లు సూటిగా జాతి ద్వేషమే, దాన్ని మరో పేరుతో పిలవనక్కరలేదు. అయితే టీనేజర్ల గుంపుల విషయంలో మరో కారణం కూడా బలంగా పనిచేస్తుంది. 2005లో అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు కంప్యూటర్‌పై కారు నడిపే ఆటతో ఒక ప్రయోగం చేశారు. 13 నుంచి 16 ఏళ్ళ పిల్లలు ఒంటరిగా ఆడినప్పటి కంటే తోటివాళ్ళు పక్కన చూస్తుండగా ఆడినప్పుడు చాలా ఎక్కువగా ప్రమాదానికి తెగించారు, 24 ఏళ్ళు దాటినవారిలో మాత్రం ఆ తేడా దాదాపు కనబడలేదు. అంటే ఆ కుర్రవాడి చూపు మీ మీద ఉన్నా, అతడు నిజంగా ఆడుతున్నది వెనక నిలబడ్డ నలుగురు స్నేహితుల ముందు. ఇప్పుడు ఆ నలుగురి చేతుల్లోనూ ఫోన్లున్నాయి గనుక చూసేవారి సంఖ్యకు హద్దు లేకుండా పోయింది.

ఇక విదేశీయుడినే ఎందుకు పట్టుకుంటారంటే, అతడు తిరగబడడని, పోలీసులను పిలవడని, ఆ ఊళ్ళో అతడి తరఫున మాట్లాడేవారు లేరని వాళ్ళ అంచనా. రాత్రిపూట సైకిలు మీద ఒంటరిగా ఆహారం చేరవేసే విద్యార్థి, షిఫ్టు ముగించుకుని ఆఖరి బస్సులో వచ్చే నర్సు ఆ అంచనాకు సరిగ్గా సరిపోతారు. దీన్ని కారణంగా చెబుతున్నానే తప్ప సమర్థనగా కాదు. కారణం తెలిస్తే జవాబు ఎలా ఇవ్వాలో తెలుస్తుంది: ప్రేక్షకులకు వినోదం దక్కనివ్వకూడదు, అదే సమయంలో ఫిర్యాదు చేయడని వాళ్ళు వేసుకున్న అంచనాను తప్పని తేల్చాలి.

బస్సులో గుంపుగా చేరి వెక్కిరిస్తుంటే అప్పటికప్పుడు ఏం చేయాలి?

డబ్లిన్‌లోనో లండన్‌లోనో రెండంతస్తుల బస్సును తలచుకోండి. డ్రైవరు కింద, అద్దపు తెర వెనక ఉంటాడు, కండక్టరు ఉండడు. పై అంతస్తులో వెనక సీట్లు కుర్రవాళ్ళవి. మన అమ్మాయి పైకెక్కి మధ్యలో కూర్చుంటుంది. ముందు నవ్వులు, తర్వాత మన ఇంగ్లీషు యాసను సాగదీస్తూ అనుకరించడం, ఆ తర్వాత జుట్టుకు తగిలేలా ఒక చిప్స్ ముక్క, కాసేపటికి కూల్‌డ్రింక్ ఖాళీ డబ్బా. తక్కిన ప్రయాణికులు కిటికీలోంచి బయటకు చూస్తుంటారు.

చిప్స్ ముక్క తగిలినప్పుడే లేచి కిందికి దిగిపోవాలి. అది ఓడిపోవడం కాదు, ఆటను ఆపేయడం. కింద డ్రైవరుకు దగ్గరగా, కెమెరాకు కనబడేలా నిలబడి, జరిగింది రెండు ముక్కల్లో అతడికి చెప్పాలి. వాళ్ళు వెంట దిగివచ్చినట్లయితే మీ స్టాపు అయినా సరే నిర్మానుష్యమైన చోట దిగకూడదు, దుకాణాలు తెరిచి ఉన్న స్టాపు దాకా ప్రయాణించాలి. పక్కనున్న ఒక మనిషిని ఎంచుకుని "నా పక్కన నిలబడతారా?" అని నేరుగా అడగండి. అందరినీ ఉద్దేశించి అరిస్తే ఎవరూ కదలరు, ఒకరిని అడిగితే చాలాసార్లు కదులుతారు. రూటు నంబరు, ఎక్కిన సమయం, దిగిన స్టాపు, వాళ్ళ బట్టల రంగులు బస్సు దిగిన వెంటనే ఫోన్‌లో రాసుకోవాలి. కెమెరా దృశ్యాలను కొద్ది రోజులే భద్రపరుస్తారు, వారం తర్వాత చేసే ఫిర్యాదుకు సాక్ష్యం మిగలకపోవచ్చు.

వాదన మాత్రం వద్దు. మీ చదువు, మీ జీతం, మీరు కట్టే పన్నుల గురించి పదిహేనేళ్ళవాడికి వివరించడం వల్ల వాడి స్నేహితులకు మరో పది నిమిషాల వినోదం దొరుకుతుంది, అంతే.

ఒక్క చెంపదెబ్బ వేస్తే బుద్ధి వస్తుంది కదా?

ఈ ప్రశ్న తండ్రుల నుంచే ఎక్కువగా వస్తుంది, వెనకున్న బాధ అర్థమవుతూనే ఉంది. కానీ అక్కడి చట్టం దృష్టిలో ఆ క్షణం నుంచి మీ కొడుకు ఒక బాలుడిని కొట్టిన పెద్దమనిషి అవుతాడు. మీద పడుతున్నవాడిని అవసరమైన మేరకు అడ్డుకోవడాన్ని ఆత్మరక్షణగా ఏ చట్టమైనా అంగీకరిస్తుంది. పారిపోతున్నవాడిని వెంటాడి కొట్టడాన్ని అంగీకరించదు. పైగా ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు, బడులలో ఉద్యోగానికి డీబీఎస్ అనే నేరచరిత్ర తనిఖీ, ఐర్లండ్‌లో గార్డా వెటింగ్ అనే పోలీసు తనిఖీ సాధారణంగా తప్పనిసరి. నర్సుగానో కేర్ వర్కర్‌గానో పనిచేసే మనవాళ్ళకు పిల్లవాడిపై చెయ్యి చేసుకున్న కేసు ఒక్కటి చాలు, ఆ వృత్తి మొత్తం చేజారే ప్రమాదం ఉంది. ముందు ఏం జరిగిందో ఎవరూ వీడియో తీసి ఉండరు, మీ దెబ్బ మాత్రం నాలుగు ఫోన్లలో పదిలంగా ఉంటుంది.

తలుపు కొట్టి పారిపోవడం, గోడ మీద గుడ్లు విసరడం కూడా మనవాళ్ళ మీద కక్షేనా?

అక్టోబర్ 31 హాలోవీన్ రాత్రి, ఉత్తర ఇంగ్లండ్‌లో కొన్నిచోట్ల నవంబర్ 4 రాత్రి, నవంబర్ 5 బాణసంచా రాత్రి, ఇలాంటివి స్థానికుల ఇళ్ళ మీద కూడా జరుగుతాయి. వీధిలో పది గుమ్మాలకూ గుడ్లు తగిలితే అది ఆ ఊరి అల్లరి. పది ఇళ్ళలో మీ ఒక్క గుమ్మానికే, అదీ నెల పొడుగునా తగులుతుంటే అది వేరే సంగతి, తేదీలు రాసి పెట్టుకుని ఇంటి యజమానికీ పోలీసులకూ చెప్పవలసిన సంగతి. పక్కింటివారిని "మీకూ ఇలాగే జరుగుతోందా?" అని అడిగితే రెండూ తేలిపోతాయి, ఒక పరిచయం కూడా కలుగుతుంది.

నన్ను వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఇప్పుడేం చేయాలి?

ముందు ఆ పోస్టు లింకు, ఖాతా పేరు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి దాచండి. ఆ తర్వాతే తొలగించమని ఆ వేదికకు ఫిర్యాదు చేయండి. క్రమం తారుమారైతే సాక్ష్యం పోతుంది. కింద వ్యాఖ్యలు రాయకండి, బంధుమిత్రులను రాయనివ్వకండి. తిట్టుతూ రాసినా ఆ వీడియోను మరింతమంది ముందుకు మనమే నెట్టినట్టవుతుంది. యూనిఫాం వల్ల బడి ఏదో గుర్తుపట్టగలిగితే ఆ బడి ప్రధానోపాధ్యాయులకు స్క్రీన్‌షాట్లతో సహా రాయడం మంచి మార్గం. చాలా బడులు తమ యూనిఫాంలో జరిగిన ఇలాంటి పనులను తేలికగా వదిలిపెట్టవు.

పోలీసులకు చెబితే వీసాకు ఇబ్బంది వస్తుందా?

చట్టబద్ధమైన వీసాతో ఉన్న మనిషి బాధితుడిగా ఫిర్యాదు చేసినంత మాత్రాన వీసాకు నష్టమేమీ లేదు. ఈ భయం ఎక్కడ పుట్టిందో గానీ, మనవాళ్ళ నోళ్ళు నొక్కుతున్న వాటిలో ఇదే పెద్దది.

ప్రాణభయం ఉన్నప్పుడు బ్రిటన్‌లో 999, ఐర్లండ్‌లో 112 లేదా 999, ఆస్ట్రేలియాలో 000, అమెరికా, కెనడాలలో 911, జర్మనీలో పోలీసులకు 110. అప్పటికి ప్రమాదం గడిచిపోయిన సంఘటనలకు బ్రిటన్‌లో 101, ఆస్ట్రేలియాలో 131 444 ఉన్నాయి. వెళ్ళిన వారంలోనే ఈ నంబర్లను ఫోన్‌లో పెట్టుకోవాలి. ఫిర్యాదు చేసేటప్పుడు వాళ్ళన్న మాటలను మర్యాద కోసం మార్చకుండా ఉన్నవి ఉన్నట్టే చెప్పండి. జాతిని, మతాన్ని ఎత్తి తిట్టినట్టయితే ఆ మాటలే కేసు స్వరూపాన్ని మారుస్తాయి. కేసు నంబరు అడిగి తీసుకోండి.

చిన్నపిల్లలైతే పోలీసులు ఏమీ చేయరట, నిజమేనా?

సగమే నిజం. నేర బాధ్యత మొదలయ్యే వయసు ఇంగ్లండ్‌లో 10 ఏళ్ళు, స్కాట్లండ్‌లో 12, ఐర్లండ్‌లో సాధారణంగా 12, జర్మనీలో 14. మిమ్మల్ని వేధించిన 15 ఏళ్ళవాడు ఈ దేశాలన్నింటిలోనూ బాధ్యుడే. అయితే జైలు మాట చాలా అరుదు. ఐర్లండ్‌లో 2001 బాలల చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు వారిని దారి మళ్ళింపు పథకానికి పంపవచ్చా అని ముందుగా పరిశీలిస్తారు. అక్కడ తల్లిదండ్రుల సమక్షంలో పోలీసు అధికారి మందలించి, కొంతకాలం కనిపెట్టి ఉంటాడు, బాధితుడు ఒప్పుకుంటే అతడి మాటను కూడా వినిపిస్తారు. అది మన కళ్ళకు శిక్షలా కనబడకపోవచ్చు, కానీ ఇంట్లో తెలియకుండా తిరుగుతున్న కుర్రవాడి గుమ్మంలోకి పోలీసు రావడమే చాలామందికి మొదటి అడ్డుకట్ట.

భారత రాయబార కార్యాలయం ఏం చేయగలదు?

దర్యాప్తు చేయలేదు, అరెస్టు చేయించలేదు. కానీ స్థానిక పోలీసులతో మాట్లాడగలదు, గాయపడినవారికి, ఆపదలో ఉన్నవారికి సాయం చేయగలదు, అందుకోసం 2009 నుంచి భారత సమాజ సంక్షేమ నిధి ఉంది. ఇక్కడి నుంచి తల్లిదండ్రులు విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు, ప్రవాస తెలుగువారి కోసం ఉన్న రాష్ట్ర ప్రభుత్వపు ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీకి ఫోన్ చేయవచ్చు.

సంఘటనలు రాయబార కార్యాలయానికి చేరడం ఎందుకు ముఖ్యమో డబ్లిన్ చూపించింది. 2025 జూలైలో నగర శివారు టాలాలో ఒక భారతీయుడిపై ముఠా దాడి జరిగాక, మరికొన్ని దాడుల వార్తలు వెలువడ్డాక, ఆగస్టు 1న అక్కడి భారత రాయబార కార్యాలయం తన పౌరులకు హెచ్చరిక జారీ చేసి, వేళకాని వేళల్లో నిర్మానుష్య ప్రదేశాలకు వెళ్ళవద్దని సూచించింది. ఆ నెలలోనే ఐర్లండ్ అధ్యక్షుడు ఆ దాడులను బహిరంగంగా ఖండించారు. 2009లో మెల్‌బోర్న్‌లోనూ దాడులకు నిరసనగా భారతీయ విద్యార్థులు వీధుల్లోకి వచ్చి నిలబడ్డారు, ఆ విషయం రెండు ప్రభుత్వాల మధ్య చర్చగా మారింది. ఎవరి గదిలో వారు ఏడ్చి ఊరుకుని ఉంటే ఈ రెండూ జరిగేవి కావు.

ఇక్కడ విశాఖలో ఉండి మేమేం చేయగలం?

అర్ధరాత్రి వచ్చిన ఫోన్‌కు మన ఇళ్ళలో రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. "వెంటనే బయల్దేరి వచ్చెయ్ నాన్నా" అన్నది ఒకటి, "నీ పని నువ్వు చూసుకో, పట్టించుకోకు" అన్నది మరొకటి. రెండూ ప్రేమతోనే అంటాం. మొదటి మాట విన్న కొడుకు మరోసారి ఏం జరిగినా చెప్పడు, ఎందుకంటే చదువు కోసం తెచ్చిన అప్పు, వాయిదాలు అతడికి గుర్తున్నాయి. రెండో మాట విన్న కూతురు తన అవమానం అమ్మానాన్నలకు కూడా చిన్నదేనని అనుకుంటుంది.

కాబట్టి ముందు వినండి, మధ్యలో ఆపకండి. దెబ్బ తగిలిందా, ఇప్పుడు పక్కన ఎవరున్నారు, పోలీసులకు చెప్పావా, రేపు ఆ దారిన వెళ్ళక తప్పదా అని అడగండి. ఆ రాత్రికి ఒంటరిగా ఉండకుండా ఎవరినైనా స్నేహితులను పిలిపించుకోమనండి. మర్నాడు, ఆ తర్వాతి వారం కూడా ఆ విషయం మళ్ళీ అడగండి, ఎందుకంటే భయం చాలాసార్లు ఆలస్యంగా బయటపడుతుంది: బస్సు ఎక్కడం మానేయడం, సాయంత్రం షిఫ్టులు వదులుకోవడం, బొట్టు తీసేయడం, వీధిలో తెలుగులో ఫోన్ మాట్లాడడానికి వెనకాడడం. ఇవి కనబడితే విశ్వవిద్యాలయంలోని కౌన్సెలింగ్ సేవను వాడుకోమని చెప్పండి. విద్యార్థులకు అది సాధారణంగా ఉచితం. అందులో చిన్నతనమేమీ లేదు. బంధువుల వాట్సాప్ గ్రూపులో మాత్రం పిల్లల అనుమతి లేకుండా ఈ సంగతి పెట్టకండి.

అయితే ఆ దేశస్థులందరూ అలాంటివారేనా?

కారు. అదే బస్సులో ఆ అమ్మాయి పక్కకు వచ్చి నిలబడేదీ ఆ దేశస్థురాలే. ఒక ముఠాను చూసి దేశాన్ని తూచడం, మనల్ని చూసి వాళ్ళు చేసిన పనే.

మన విశాఖలో విదేశీయులకు ఇలాంటివి జరుగుతున్నాయా?

జరుగుతున్నాయి, మనం వాటిని సరదా అంటున్నాం. ఆదివారం సాయంత్రం ఆర్‌కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి దగ్గర నుంచి నడిచి చూడండి. మురీ మిక్చర్ బండి దగ్గర ఒక ఆఫ్రికా విద్యార్థి నిలబడి ఉంటాడు. ఇంటర్ చదివే వయసు కుర్రవాళ్ళు ఐదారుగురు చుట్టూ చేరతారు. ఒకడు అడగకుండానే భుజం మీద చెయ్యి వేసి సెల్ఫీ తీస్తాడు, ఇంకొకడు జుట్టు ముట్టుకుంటాడు, వెనకనున్నవాడు తెలుగులో ఒక మాట అంటాడు, అందరూ నవ్వుతారు. ఆ విద్యార్థికి మాట అర్థం కాకపోయినా నవ్వు అర్థమవుతుంది. నాలుగేళ్ళుగా ఇక్కడే చదువుతున్నవాడైతే మాట కూడా అర్థమవుతుంది. తెల్లజాతి మహిళ అయితే సెల్ఫీల వరుస ఆగదు, ఆమె నీళ్ళలోకి దిగితే ఫోన్లు అటే తిరుగుతాయి. డబ్లిన్ బస్సులో మన అమ్మాయి విన్న నవ్వుకూ ఈ నవ్వుకూ నాకు తేడా కనబడడం లేదు.

ఈ నగరం విదేశీయులకు కొత్తది కాదు. భీమిలిలో డచ్చివారి సమాధులున్నాయి, ఓడరేవుకు ఎన్నో దేశాల నావికులు వస్తుంటారు, తొట్లకొండ బౌద్ధ క్షేత్రానికి విదేశీ యాత్రికులు వస్తారు, 1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పలు దేశాల విద్యార్థులు చదువుతున్నారు. 2016 అంతర్జాతీయ నౌకాదళ సమీక్షలోనూ, 2022, 2024 మిలన్ విన్యాసాలలోనూ విదేశీ నావికులు బీచ్ రోడ్డు మీద కవాతు చేస్తుంటే నగరమంతా చప్పట్లు కొట్టింది. కవాతులో ఉన్నవారికి ఇచ్చిన మర్యాద, ఒంటరిగా నడిచే విద్యార్థికి కూడా దక్కాలి.

విశాఖలో ఇబ్బంది పడిన విదేశీయులు ఎవరికి చెప్పాలి?

అత్యవసరమైతే 112. పర్యాటకులకు కేంద్ర పర్యాటక శాఖ వారి 1363 నంబరు రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, హిందీ, ఇంగ్లీషులతో పాటు పది విదేశీ భాషల్లో కూడా సాయం దొరుకుతుంది. విద్యార్థులు తమ సంస్థలో అంతర్జాతీయ విద్యార్థులను చూసే విభాగానికి రాతపూర్వకంగా తెలపాలి. మహిళ గౌరవానికి భంగం కలిగించే మాట గానీ సైగ గానీ 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ కింద నేరం, ఆమె ఏ దేశస్థురాలైనా సరే. పక్కనే ఉండి చూస్తున్నవారు చేయగలిగింది చాలా తేలిక: దగ్గరికి వెళ్ళి "బాబూ, ఆయన్ని అడిగారా? వదిలెయ్యండి" అని తెలుగులో గట్టిగా అనడం. ఆ ఒక్క మాటతో చెదిరిపోయే గుంపులే ఎక్కువ.

మా అబ్బాయే ఇలాంటి పని చేశాడని తెలిసింది. ఏం చేయాలి?

కొట్టకండి, దాచిపెట్టకండి కూడా. స్నేహితుల ముందు కాకుండా విడిగా కూర్చోబెట్టి, ఏం చేశాడో మొదటి నుంచి చివరి దాకా అతడి నోటితోనే చెప్పించండి. అమెరికాలో ఉన్న మేనత్త కొడుకుకో, లండన్‌లో ఉన్న అక్కకో ఫోన్ కలిపి, వాళ్ళకు అక్కడ ఇలాంటిది ఏదైనా జరిగి ఉంటే అది అతడికి చెప్పమని అడగండి. తల్లిదండ్రుల ఉపన్యాసం కన్నా అది బాగా పనిచేస్తుంది. వీడియో తీసి ఉంటే అతడి ఫోన్‌లోంచి తీసేస్తే చాలదు, ఎవరెవరికి పంపాడో వాళ్ళందరికీ మీ ఎదుటే సందేశం పెట్టించి తొలగించమని అడిగించండి. బాధపడిన మనిషి ఎవరో తెలిస్తే, మధ్యవర్తి ద్వారా ముందు వారి ఇష్టం కనుక్కుని, ఒప్పుకుంటేనే మీరు కూడా వెంట వెళ్ళి క్షమాపణ చెప్పించండి. వారు కలవడానికి ఇష్టపడకపోతే ఒత్తిడి చేయకండి, ఉత్తరం రాయించి ఇవ్వండి. వారు పోలీసులకు ఫిర్యాదు చేసి ఉంటే వెనక్కి తీసుకోమని బతిమాలకుండా, పిలిచిన రోజున పిల్లవాడిని వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్ళండి.